దారిలో పోయిన గడియన్నర

అనగనగనగా, పొద్దును గిన్నెతో కొలిచే రోజుల్లో, ధవళగిరి అని ఒక రాజ్యం ఉండేది. కొండ మీద కోట. కొండ కింద ఏరు. ఏటి ఒడ్డున పడవల రేవు.

ఆ రాజ్యంలో కాలాన్ని కొలిచే తీరు ఇది. ఒక పెద్ద తొట్టి నిండా నీళ్ళు పోసేవారు. ఆ నీళ్ళ మీద ఒక రాగి గిన్నె వదిలేవారు. గిన్నె అడుగున సూదిమొనంత చిల్లు. చిల్లులోంచి నీరు ఎక్కి ఎక్కి, గిన్నె బుడుంగున మునిగితే ఒక గడియ అయినట్టు. వెంటనే గడియకాపరి, ఎన్నో గడియ అయితే అన్నిసార్లు జేగంట కొట్టేవాడు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి లెక్క. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి పదిహేను గడియలు.

కోటలో ఒక గిన్నె, రేవులో ఒక గిన్నె. రెండూ ఒకే కంచరి చేసినవి. కోట గంట రేవుకు వినపడదు. రేవు గంట కోటకు వినపడదు.

రేవు పక్కన గంగులు అనే సున్నం కాల్చేవాడు ఉండేవాడు. తల్లీ తండ్రీ లేరు, ఒక్క చెల్లెలు అంకాలు. అన్న ఏటి గుల్లలు ఏరి బట్టీలో కాల్చేవాడు. చెల్లెలు రేవు వీధుల్లో సున్నం అమ్మేది. అంకాలుకు లెక్కలంటే మహా సరదా. వీధిలో ఇళ్ళు లెక్కపెట్టేది, ఇంటికి కిటికీలు లెక్కపెట్టేది, ఏ గోడకు ఎన్ని తట్టల సున్నం పడుతుందో చూపుతోనే చెప్పేది.

"నీకు పెళ్ళిచూపులు పెడితే వచ్చినవాడి పళ్ళు కూడా లెక్కపెడతావే" అని అన్న ఆటపట్టించేవాడు.

"ముప్పై రెండు లేకపోతే వెనక్కి పంపేద్దాం అన్నా" అనేది అంకాలు.

ఇలా ఉండగా, ఒకనాటి ఉదయం కోటలోని విత్తనాల కొట్టు తగలబడింది. రాబోయే పంటకు దాచిన విత్తనాలన్నీ బూడిదయ్యాయి. కోట గంట ఎనిమిది కొడుతుండగా మంట లేచింది. అందరూ చూశారు. మంట పెట్టినవాణ్ణి మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ ఉదయమే గంగులు కొట్టు గోడలకు సున్నం తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు, ఎప్పటిలాగే, బట్టీ రాజేసుకోవడానికి కోట వంటశాలలో నిప్పు అడిగి కుండలో పెట్టుకున్నాడు. చేతిలో నిప్పుకుండ ఉన్నవాడు అతనొక్కడే. భటులు అతన్నే పట్టుకొచ్చారు.

ధర్మాధికారి వామదేవుడు విచారణకు కూర్చున్నాడు. ఆయన లంచం ఎరుగడు, కోపం ఎరుగడు. లెక్క సరిపోతే తీర్పు చెబుతాడు, అంతే.

"కోట వాకిలి ఎప్పుడు దాటావు?" అని అడిగాడు.

"ఆరు కొట్టాక కొంచెంసేపటికి అయ్యగారూ" అన్నాడు గంగులు. వాకిలి భటుడు అవునన్నాడు.

"రేవుకు ఎప్పుడు చేరావు?"

"నేను కుండ దించుతుంటే రేవులో పది కొట్టారు." రేవు కాపలావాడు అవునన్నాడు.

"కోట నుంచి రేవుకు రెండు గడియల నడక. నువ్వు ఎనిమిదిన్నరకు చేరాలి. పదికి చేరావు. మధ్యలో గడియన్నర ఎక్కడ పోయింది?"

గంగులు తల గోక్కున్నాడు. "ఎక్కడా పోలేదయ్యా. నేను దారిలో ఆగలేదు."

"అయితే నేను చెబుతాను విను. వాకిలి దాటి పొదల చాటున పొంచి ఉన్నావు. దొంగదారిన వెనక్కి వచ్చి, ఎనిమిదికి నిప్పు పెట్టావు. రెండు గడియలు నడిచి, పదికి రేవు చేరావు. లెక్క సరిపోయింది."

గంగులుకు బతికినంత కాలం చెర పడింది. కొండ వెనక రాళ్ళగనిలో, కాలికి గొలుసుతో, రాళ్ళు కొట్టడం అతని పని.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. చెరలో ఉన్నవాడి కోసం అయినవాళ్ళు రాజుగారికి మూడుసార్లు మనవి చేసుకోవచ్చు. ఏడాదికి ఒకసారి, రథసప్తమి నాడు. మూడోసారి కూడా కాదంటే, ఆ పేరు ఇక సభలో ఎవరూ ఎత్తకూడదు.

మొదటి రథసప్తమికి అంకాలు సభకు వెళ్ళింది. రాజు విజయభూపతి సింహాసనం మీద ఉన్నాడు. పక్కన వామదేవుడు.

"ప్రభూ, మా అన్న బట్టీలో చీమలున్నా, అవి బయటికి వెళ్ళేదాకా నిప్పు పెట్టడు. అలాంటివాడు ఊరి విత్తనాలు కాలుస్తాడా?" అంది.

రాజు ముఖం మెత్తబడింది. వామదేవుడి ముఖం మారలేదు.

"మంచివాడే కావచ్చు. ఆ గడియన్నర ఎక్కడ పోయింది?"

అంకాలు వచ్చిన దారినే వెనక్కి నడిచింది. మొదటి మనవి పోయింది.

రెండో ఏడు అంకాలు ఊరుకోలేదు. కొండదారి పొడుగునా కాపురం ఉన్న వాళ్ళందరినీ కలిసింది. చలిపందిరి అవ్వనీ, మేకల కాపరినీ, గంపలు అల్లేవాళ్ళనీ అడిగింది. మొత్తం పదకొండు మందిని సభకు తెచ్చింది.

"గంగులు మా ముందు నుంచే చకచకా నడిచి వెళ్ళాడు. మంచినీళ్ళు తాగి పొమ్మన్నా ఆగలేదు" అంది చలిపందిరి అవ్వ. మిగతా పదిమందీ అదే మాట అన్నారు.

వామదేవుడు శ్రద్ధగా విన్నాడు. విని, నెమ్మదిగా అన్నాడు: "అమ్మాయీ, దారిలో కూర్చున్నాడని ఒక్కరు చెప్పినా నేను వదిలేసేవాణ్ణి. ఎక్కడా కూర్చోలేదని పదకొండు మంది చేత చెప్పించావు. అయితే ఆ గడియన్నర అతను ఎవరికీ కనపడని చోట దాక్కున్నట్టే కదా?"

సభంతా తల ఊపింది. రెండో మనవి కూడా పోయింది. అంకాలు తెచ్చిన సాక్ష్యమే అన్న మెడకు ఇంకో ముడి వేసింది.

ఆమె రాళ్ళగనికి వెళ్ళింది. గంగులు చిక్కిపోయాడు. వేళ్ళ మీద చర్మం రాయిలా అయ్యింది.

"చెల్లీ, ఒక మాట చెబుతాను, కోప్పడకు" అన్నాడు. "నేరం ఒప్పుకుంటే గొలుసు తీసేస్తారట. గొలుసు లేకపోతే పడుకున్నప్పుడు కాలు చాచుకోవచ్చు."

"చెయ్యని నేరం ఎలా ఒప్పుకుంటావు?"

"ఏమోనే. అంతమంది పెద్దవాళ్ళు అంత గట్టిగా అడుగుతుంటే, నిజంగానే ఎక్కడో కూర్చున్నానేమో, మరిచిపోయానేమో అనిపిస్తోంది."

అంకాలు అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు మరిచిపోలేదు అన్నా. ఆ గడియన్నర ఎక్కడో ఉంది. నేను వెతుకుతాను. నువ్వు మాత్రం చెయ్యనిది చేశానని అనకు. నాకు ఇంకొక్క మనవే మిగిలింది."

గంగులు గొలుసు వైపు చూశాడు. "సరే. కాలు ముడుచుకునే పడుకుంటాలే" అన్నాడు.

ఆ ఏడు దసరాకు ముందు కోటకు వెల్ల వెయ్యాల్సి వచ్చింది. నేరస్థుడి ఇంటి సున్నమని అన్నాళ్ళూ కోటవాళ్ళు అంకాలు దగ్గర కొనలేదు. పక్క ఊరి సున్నం వాడు జబ్బు పడడంతో ఇక తప్పక కబురు పెట్టారు. అంకాలు మొదటిసారి తట్ట నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కింది.

రేవులో నాలుగు కొట్టగానే బయల్దేరింది. బరువు వల్ల దారిలో రెండుసార్లు తట్ట దించింది. తీరా కోట చేరేసరికి, అప్పుడే అయిదు కొట్టి ఆపారు.

అంకాలు ఆగిపోయింది. రెండు గడియల దారి. బరువుతో ఎక్కింది. గడియకు కాస్త పైన పట్టిందంతే.

సున్నం ఇచ్చి, ఆరు కొట్టగానే ఖాళీ తట్టతో దిగింది. ఎక్కడా ఆగలేదు. రేవు చేరేసరికి తొమ్మిది కొట్టి చాలాసేపయ్యింది.

ఎక్కితే గడియ దాటి కాస్త. దిగితే మూడు దాటి ఇంకా పైన.

చలిపందిరి అవ్వకు ఈ మాట చెబితే, అవ్వ పకపకా నవ్వింది. "ఇది తెలియనిదెవరికే? కొండదేవర ఎక్కేవాళ్ళను వెనక నుంచి తోస్తాడు. దిగేవాళ్ళను కబుర్లలో పెడతాడు. మా చిన్నప్పటి నుంచీ అనుకునేదే."

"నాతో ఎవరూ కబుర్లాడలేదు అవ్వా."

"అయితే నీ మొహం చూసి భయపడి ఉంటాడు."

అంకాలు మర్నాడు మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. ఆ మర్నాడు కూడా. మూడు రోజులూ అంతే. దిగేటప్పుడు ప్రతిసారీ గడియన్నర ఎక్కువ.

ఆ గడియన్నరే.

నాలుగో రోజు ఆమె సున్నం తట్ట దించి, తిన్నగా కోటలోని గడియమండపానికి వెళ్ళింది. అక్కడ కాపరి పుల్లప్ప తాత ఎండలో కూర్చుని గిన్నెను చూస్తున్నాడు.

"ముట్టుకోకు పిల్లా. అది రాజుగారి తాతగారు పూజ చేసి పెట్టిన గిన్నె. పూలు తప్ప ఏమీ తగలకూడదు."

"ముట్టుకోను తాతా. చూస్తాను."

రాగి గిన్నె ఎర్రగా లేదు. లోపలా బయటా తెల్లటి పొక్కు. చిల్లు చుట్టూ కూడా తెలుపే. సున్నంలో పుట్టి పెరిగిన పిల్ల అంకాలు. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. కొండ ఊటలో సున్నం ఉంది. కోటలో ప్రతి ఇల్లాలూ నీళ్ళబిందెను వారానికోసారి చింతపండుతో రుద్దుతుంది, లేకపోతే తెల్లగా గార కడుతుంది. గడియగిన్నెను మాత్రం పూజగిన్నె అని ఎవరూ రుద్దలేదు. ఏళ్ళ తరబడి గార పేరుకుంది. చిల్లు సన్నబడింది. నీరు ఎక్కడం ఆలస్యం. గిన్నె మునగడం ఆలస్యం. కోట గడియ పొడుగైపోయింది. రేవు గిన్నెకూ చింతపండు తగలదు గానీ, ఏటి నీళ్ళలో సున్నం లేదు.

"తాతా, నడినెత్తి పొద్దుకు పదిహేను గంటలు కావాలి కదా. మీ గిన్నె పదిహేనుసార్లు మునుగుతుందా?"

పుల్లప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నడిపొద్దున కోటలో భేరీలు మోగుతాయి, శంఖాలు ఊదుతారు. ఆ సందడిలో జేగంటను ఎన్నిసార్లు కొట్టినా ఎవరూ లెక్కపెట్టరు.

"పన్నెండుసార్లు మునుగుతుంది" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మిగతా మూడూ భేరీల చప్పుడులో కలిపి కొట్టేస్తాను. మా నాన్న రెండు కలిపేవాడు. మా పెద్దమ్మాయి పెళ్ళినాటి నుంచి నాకు మూడు కలపాల్సి వస్తోంది. అదే పద్ధతి అనుకున్నాను."

"పెళ్ళి ఎప్పుడు అయ్యింది?"

"ఆరేళ్ళ కిందట."

కొట్టు కాలి మూడేళ్ళు కూడా కాలేదు.

అంకాలు మండపం మెట్టు మీద కూర్చుని గులకరాళ్ళు పేర్చింది. కోటకు పన్నెండు, రేవుకు పదిహేను. అంటే కోటకు నాలుగు, రేవుకు అయిదు. కోటకు ఎనిమిది అయితే, రేవుకు పది.

ఎనిమిదీ పదీ వేరు కాదు. రెండూ ఒకే క్షణం. కోటలో మంట లేచినప్పుడే రేవులో అన్న కుండ దించాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "తాతా, ఈ మూడు దెబ్బల మాట సభలో చెబుతారా?"

"చెబితే నా కొలువు పోతుంది పిల్లా. తల కూడా పోవచ్చు."

"నేను బలవంతపెట్టను. గిన్నె సంగతి నేను చెప్పుకుంటాను. దెబ్బల సంగతి మీ ఇష్టం."

గిన్నె మునిగింది. పుల్లప్ప లేచి వెళ్ళి గంట కొట్టాడు.

మూడో రథసప్తమి వచ్చింది. పొద్దున్నే సభ నిండింది. అంకాలు చేతులు జోడించి నిలబడింది.

"ప్రభూ, ఇది చివరి మనవి. ఈసారి మా అన్న మంచివాడని చెప్పను. సాక్షులనూ తేలేదు. కోట గిన్నెనూ రేవు గిన్నెనూ తెప్పించి, మీ ఎదుట ఒకే తొట్టిలో వదలండి. అంతే అడుగుతున్నాను."

సభలో గుసగుసలు లేచాయి. "పూజగిన్నెను కదపకూడదు" అన్నాడు వామదేవుడు.

"గిన్నె పుట్టిందే నీళ్ళలో ఉండడానికి. ఈ నీళ్ళైతేనేం, ఆ నీళ్ళైతేనేం. తీసుకురండి" అన్నాడు రాజు.

రెండు గిన్నెలూ ఒకేసారి నీళ్ళ మీద వదిలారు. సభంతా మెడలు చాచి చూసింది.

రేవు గిన్నె మునిగింది. కోట గిన్నె ఇంకా తేలుతూనే ఉంది.

మునిగిన గిన్నెను వెంటనే తీసి మళ్ళీ వదులుతున్నారు. రెండోసారి రేవు గిన్నె ఇంకా ముందే మునిగింది. మూడోసారి ఇంకా ముందు. పొద్దెక్కుతోంది. ఎవరూ లేవలేదు. చివరికి కోట గిన్నె నాలుగోసారి, రేవు గిన్నె అయిదోసారి, రెండూ కలిసి, బుడుంగున మునిగాయి.

"నాలుగుకు అయిదు" అంది అంకాలు. "ఎనిమిదికి పది. ప్రభూ, కోటలో ఎనిమిది కొట్టినప్పుడు రేవులో పది కొట్టారు. అప్పుడు మా అన్న రేవులో ఉన్నాడని కాపలావాడే చెప్పాడు."

వామదేవుడు లేచి తొట్టి దగ్గరకు వచ్చాడు. నీళ్ళలోకి వంగి చూశాడు.

"ఇది ఈనాటి సంగతి" అన్నాడు. "మూడేళ్ళ కిందట గిన్నె బాగానే ఉందేమో. అప్పుడూ ఇలాగే ఉందని ఎవరు చెబుతారు?"

అంకాలు ఎవరి వైపూ చూడలేదు. చూస్తే అడిగినట్టు అవుతుందని తల వంచుకుంది.

వెనక వరసలో పుల్లప్ప లేచాడు.

"నేను చెబుతాను ప్రభూ. ఆరేళ్ళుగా ఆ గిన్నె పన్నెండుసార్లే మునుగుతోంది. మిగతా మూడూ భేరీల చప్పుడులో దాచింది నేనే. కొట్టు కాలిన నాడు కూడా మూడే దాచాను. ఆ పిల్ల వచ్చి అడిగేదాకా, దానివల్ల ఒక మనిషికి సంకెళ్ళు పడ్డాయని నాకు తెలియదు. తెలిశాక నిద్ర లేదు. నా తల తీయండి, ఆ గొలుసు తీయండి."

రాజు చింతపండు తెప్పించాడు. "తాతా, ముందు ఆ గిన్నె రుద్దు" అన్నాడు.

పుల్లప్ప రుద్దాడు. తెల్లటి గార పొట్టుపొట్టుగా రాలింది. ఎర్రటి రాగి బయటపడింది. మళ్ళీ రెండు గిన్నెలూ నీళ్ళ మీద వదిలారు. ఈసారి రెండూ ఒక్కసారే మునిగాయి.

వామదేవుడు తన ఆసనం వైపు వెళ్ళలేదు. అంకాలు ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"గడియన్నర ఎక్కడ పోయిందని నిన్ను మూడేళ్ళు అడిగానమ్మా" అన్నాడు. "అది నా కళ్ళెదుటి గిన్నెలోనే ఉంది. నేను ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడలేదు."

"మరి కొట్టుకు నిప్పు పెట్టిందెవరు?" అని అడిగాడు రాజు.

"నాకు తెలియదు ప్రభూ. పెట్టనిది ఎవరో మాత్రం తెలుసు."

గొలుసు తీయించడానికి వామదేవుడు తానే రాళ్ళగనికి నడిచి వెళ్ళాడు. పుల్లప్ప తల పోలేదు, కొలువూ పోలేదు. భయంతో దాచినవాడు భయం విడిచి చెప్పాడు కాబట్టి, మునిగినన్ని సార్లే కొట్టమని చెప్పి రాజు అతన్ని గంట దగ్గరే ఉంచాడు.

అన్నాచెల్లెళ్ళు కొండ దిగుతున్నారు. గొలుసు లేని కాలు గంగులుకు కొత్తగా ఉంది.

"మెల్లగా నడవనీ చెల్లీ. అలవాటు తప్పింది."

"నడు అన్నా. కావాలంటే ఆ రాయి మీద కాసేపు కూర్చో. ఎంతసేపు కూర్చున్నావని ఇక ఎవరూ అడగరు."

గంగులు నిజంగానే కూర్చున్నాడు. చలిపందిరి అవ్వ పరుగున వచ్చి నీళ్ళు ఇచ్చింది. అతను రెండు కాళ్ళూ చాచుకుని తాగాడు.

వారం తిరిగాక రాజు అంకాలును పిలిపించాడు. "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"ప్రభూ, కోట గంటను నమ్మి ఇంకా ఎంతమందికి శిక్ష వేశారో చూడనివ్వండి."

సభ ఉలిక్కిపడింది. "పాత తీర్పులన్నీ తిరగదోడితే జనం మనల్ని నమ్ముతారా?" అని గొణిగాడు ఒక మంత్రి.

జవాబు చెప్పింది వామదేవుడు. "దిద్దుకోకపోతే ఎందుకు నమ్ముతారు?" అని, తీర్పులు రాసిన తాళపత్రాల గది తాళంచెవి తీసి అంకాలు చేతిలో పెట్టాడు.

వామదేవుడు చదివాడు. అంకాలు లెక్క కట్టింది. ఏడాది పట్టింది. గంట మాట మీద నిలిచిన తీర్పులు పందొమ్మిది. పన్నెండు తీర్పులు సరిగ్గానే ఉన్నాయి. ఏడు తప్పు. ఆరుగురు సంకెళ్ళు విడిచి ఇళ్ళకు వెళ్ళారు. ఏడోవాడు కుమ్మరి బసివయ్య గనిలోనే కన్నుమూసి రెండేళ్ళయ్యింది. రాజు అతని వీధికి నడిచి వెళ్ళాడు. అతని భార్య, పిల్లలు, ఇరుగుపొరుగు అందరూ వింటుండగా, "బసివయ్య ఏ నేరమూ చెయ్యలేదు. తప్పు మాది" అని చేతులు జోడించాడు. ఆ ఇంటి వాకిట్లో, బసివయ్యను పట్టుకెళ్ళిన అయిదేళ్ళకు, మొదటిసారి ముగ్గు పడింది.

ఒక మనిషిని దోషి అనే ముందు మన కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. తప్పని తెలిసిన రోజున, ఎంత ఆలస్యమైనా సరే, తీర్పును దిద్దుకోవాలి.